జాబితాలో పదకొండో ఇల్లు

మర్గిలాన్‌లో చిల్లా ఎండలు. నలభై రోజులు.
ఇనప గేటు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.
కుక్కలు కూడా నన్ను చూసి మొరగడం మానేశాయి.
గ్యాస్ మీటర్లు చదివే ఉద్యోగం నాది,
రోజుకి అరవై ఇళ్ళు, అరవై అంకెలు.
తోజినిసా గారిల్లు పదకొండోది.
దాన్ని నేను ఆఖరికి జరుపుకుంటాను.

తలుపు తోయగానే
కళ్ళకి కాసేపు ఏమీ కనబడదు.
అంత నీడ.
తర్వాత ఒక్కొక్కటే వస్తాయి
ముందు కాలువ గొణుగుడు,
తడిమట్టి, రేహాన్ ఆకు వాసన,
ఆపైన కంబళి చెట్టు మొదలు.
ముగ్గురు చేతులు చాస్తే గాని చుట్టుకు రాదు.
దాని వయసు మీద ఆ ఇంట్లో ఇంకా రాజీ కుదర్లేదు.
తాత నాటాడని ఆవిడ,
తాతే దాని కింద పుట్టాడని తమ్ముడు.
చెట్టు ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పదు.
రెండేళ్ళకో కొమ్మ ఎండబెట్టుకుని
మిగతావాటితో కాస్తుంది.

మీటరు గోడకుంది, గుల్‌ఖైరీ పూల వెనక.
మందారాల్ని గెడకి గుచ్చి నిలబెట్టినట్టుంటాయవి,
నాకంటే జానెడు పొడుగు.
"కాడ విరిచావో, టీ లేదు."
రెండు కాడల మధ్య తల దూర్చాను.
మొదటి అంకె నాలుగు.
రెండోదాని మీద తుమ్మెద.
ఊదాను. కదల్లేదు.
ఒళ్ళంతా పుప్పొడి పూసుకుని
నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా ఉంది,
దానికేం తొందర?
"కూర్చో, అదే లేస్తుంది."

కూర్చున్నాను.
చెట్టు తొర్రలోంచి పింగాణీ కూజా తీసిందావిడ.
పట్టుపురుగులకి ఆకు కోసుకు రమ్మని అమ్మ కేకేస్తే
చిన్నప్పుడు ఆ తొర్రలోనే దాక్కునేదట.
ఇప్పుడందులో కూజా ఒక్కటే పడుతుంది.
"నేను పెరిగాను, అది మూసుకుంది,
ఇద్దరికీ చెల్లుకి చెల్లు."
గిన్నెలో సగమే పోసింది.
మా దగ్గర నిండా పోస్తే
ఇక లేవమని అర్థం.

టప్పున షాతూత్ పండొకటి రాలి
నా పుస్తకం మీద పగిలింది.
పక్కింటి సోబిర్ గారి లెక్క
ఊదారంగులో మునిగిపోయింది.
తుడవబోయి ఇంకో మూడిళ్ళకి పూశాను.
"ఆఫీసులో ఏం చెబుతావ్?"
"పండిందని చెబుతాను."
ఆవిడ నవ్వితే
ఒక పన్ను లేని చోటు కూడా నల్లగా ఉంది,
పొద్దుటినించీ అవే తింటున్నట్టుంది.

కాలవ గట్టున చంద్రకాంతలు.
మేం వాటిని మాపటి నమాజు పూలంటాం.
ఆవిడ గడియారం చూడదు,
అవి విచ్చితే పొద్దుగూకినట్టు.
ఒకటి విచ్చింది, పసుపు.
ఇంకోటి సగం ఎరుపు, సగం తెలుపు,
ఎటూ తేల్చుకోనిది.
తుమ్మెద ఎప్పుడు లేచిపోయిందో గాని
ఇప్పుడు అంకె కనబడదు.

ఆవిడ మళ్ళీ కూజా ఎత్తింది.
నేను గిన్నె చాపి
అంచుదాకా వస్తుందేమోనని చూస్తున్నాను.

సగం దగ్గర ఆపింది.