పొలమారినప్పుడల్లా

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని
మా అమ్మ నడినెత్తిన అరచేత్తో తట్టేది.
ఆ లెక్కన ఈ ఫాల్గుణం నుంచీ
నన్ను తలుచుకోని వాళ్ళు గుంటూరులోనే లేరు.

మంచినీళ్ళకి పొలమారుతుంది.
మజ్జిగ తేటకి పొలమారుతుంది.
నా ఉమ్మికి నాకే...
ఉమ్మి ఎక్కడుందిలే,
కరెంటు పెట్టిన పదిహేనో రోజుకే
నోరు ఎండాకాలపు కుళాయి అయింది.

బ్రాడీపేటలో ఇరవై రెండేళ్ళ మెస్సు నాది.
కోచింగు పిల్లలు, మందుల కంపెనీ కుర్రాళ్ళు,
భార్య పుట్టింటికెళ్ళిన బ్యాంకు గుమస్తాలు,
ఎంతమంది గొంతులు దాటించాను!
ముద్ద దిగకపోతే కాస్త నెయ్యి,
నెయ్యి పిరమైతే కాస్త చారు,
అంతే అనుకునేదాన్ని.
గుటక అనేది ఒకటుందని,
దాని వరస తప్పితే అన్నం
ఊపిరి దారి పడుతుందని
ఏనాడైనా తెలుసా.

ఇప్పుడొక పిల్ల నాకు మింగడం నేర్పుతోంది.
జోసఫిన్, తెనాలి నుంచి రోజూ రైల్లో వస్తుంది.
"గడ్డం గుండెకి ఆనించండి. ఊపిరి బిగపట్టండి.
మింగండి. దగ్గండి. మళ్ళీ మింగండి."
అయిదు మాటలకి ఒక్క చెంచా.
యాభై ఎనిమిదేళ్ళదాన్ని
పాలు తాగడం నేర్చుకుంటున్నాను
తల వంచుకుని, తప్పు చేసినదానిలా.

రాగిజావ పలచనైతే ముక్కులోకి ఎగతన్నుతుంది.
చిక్కనైతే గొంతులో తిష్ట వేస్తుంది,
అద్దె కట్టని వాడిలా.
రెంటికీ మధ్య ఒక జారుడుంది,
అది మస్తాన్‌బీ గరిటెకే తెలుసు.

రుచి చూడటం పోయింది.
అరచేతిలో వేసుకున్న చారు చుక్క
నాలుకకి తగిలితే నిప్పు.
అందుకని చెవితో వండుతున్నాను:
ఆవాల చిటపట ఆగే చోటు,
పప్పు ఉడుకు మారే చప్పుడు.
ఎండుమిరప నల్లబడబోయే ముందరి ఘాటుకి
దగ్గు తెర కమ్మినా
వంటింటి గుమ్మం వదలను.
ఉప్పుకే వాసన లేదు.
చప్పుడూ లేదు.

మొన్న మంగళవారం పప్పుచారులో ఉప్పే పడలేదు.
అరవై మంది తిన్నారు.
ఒక్కడూ నోరెత్తలేదు.
కమిలి నల్లబడిన నా మెడ వైపు ఒకసారి చూసి,
తలలు దించుకుని
తినేసి వెళ్ళారు.
సాయంత్రం మస్తాన్‌బీ చెప్పింది, ఏడుపు మొహంతో.
ఈ మూడు నెలల్లో మింగలేనివి చాలా చూశాను గానీ
ఇది మాత్రం అస్సలు దిగలేదు.
గొంతు పెగలక
రేట్ల బోర్డు కింద సుద్దముక్కతో రాశాను:
ఉప్పు లేకపోతే చెప్పండి. ఊరికే తినకండి.

మర్నాడు గ్రూప్స్ చదివే వేమూరు కుర్రాడు
"అత్తా, ఇవాళ పులుపు ఎక్కువైంది" అన్నాడు.
వాడికి ఇంకో అప్పడం వేయించాను.

రాత్రి షట్టరు సగం దించి
జావ గ్లాసు ముందు కూర్చుంటాను.
పావు గ్లాసుకి నలభై నిమిషాలు.
పొలమారినప్పుడల్లా ఒకరు గుర్తొస్తారు:
రెండు నెలల బాకీ ఎగ్గొట్టి పోయిన మార్టూరు అబ్బాయి.
గోంగూర పచ్చడికి కళ్ళనీళ్ళు కారుతున్నా
మారు అడిగే పోస్టుమాస్టరు, ఉన్నాడో లేడో.
పోయిన మా ఆయన.
ఆయన తలుచుకుంటే మాత్రం
దగ్గు ఒక పట్టాన ఆగదు.

నిన్న ఏడు చెంచాలు దిగాయి.
వరసగా, చప్పుడు లేకుండా.
సంతోషించాల్సింది పోయి
ఎవరూ తలుచుకోవట్లేదా ఏంటి అని
దిగులేసింది.

ఎనిమిదో చెంచా అడ్డం తిరిగింది.
లోపలి నుంచి మస్తాన్‌బీ పరిగెత్తుకొచ్చి
అంట్ల సబ్బు కారుతున్న చేత్తోనే
నా నడినెత్తిన తట్టింది.
"నేనే అక్కా" అంది, "నేనే."