అరువు ముక్కు

బ్ర్నోలో నవంబరు, నాలుగో అంతస్తు.
గోధుమరంగు సీసా మూత తీసి
ఫ్యూమ్ హుడ్ కింద పెట్టడం మరిచాను.

నాకేమీ తెలీలేదు.
రెండేళ్ల కిందటి జ్వరం
నా ముక్కుని ఉత్త బొమ్మలా ముఖం మీద వదిలి వెళ్లింది.

నడవా చివర్నుంచి ద్రహోమీరా పరిగెత్తుకొచ్చింది,
అరవయ్యేళ్ల మనిషి, చెప్పులు టపటపలాడిస్తూ.
"ఒత్మార్! మూత!"
కిటికీలు బార్లా తెరిచి
నన్ను చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

తర్వాత కుర్చీలో కూలబడి చెప్పింది:
ఇది చూడ్డానికి నీళ్లే. రంగు లేదు.
కాస్త బరువు, నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది.
ఒక చేత్తో నీటితో చెలిమి, రెండో చేతిలో గంధకం.
చర్మంలోంచి దూరుతుంది, కంట్లో పడితే చూపు తీస్తుంది.
దీనికున్న ఒక్క మంచి గుణం కంపు.
తలుపు తట్టి మరీ వచ్చే దొంగ ఇది.
నీకా చప్పుడూ వినబడదు.

ఎలా ఉంటుంది, అని అడిగాను.
ఆమె చాలాసేపు వెతుక్కుంది.
మురిగిన గుడ్డు అంది, కాదంది.
కాలిన రబ్బరు, పొయ్యి మీద మరిచిపోయిన క్యాబేజీ,
మా అత్త నేలమాళిగ...
అక్కడ ఆగిపోయింది.

మడతలు పడి, పీటముడులు వేసుక్కూర్చున్న ప్రోటీన్‌కి
నూటికి ఐదు చుక్కలు ఇది కలిపి
తొంభై ఐదు డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉడికిస్తాం.
గంధకానికీ గంధకానికీ మధ్య ముడి
గోరు తగలకుండా వీడిపోతుంది.
జెల్ మీద నీలం రంగు కడిగాక
ఒకే మొండి గీత ఉన్నచోట రెండు:
బరువు గొలుసు పైన, తేలిక గొలుసు కింద.
మొదటిసారి చూసినప్పుడు
ఎవరి గుట్టో బయటపెట్టినట్టు సిగ్గేసింది.

పాత సీసా పనికిరాదు.
గాలి సోకితే, ముడులు విప్పే ఇదే
తనలాంటి మరొకదాన్ని పట్టుకుని ముడిపడిపోతుంది.
అందుకే మూత మీద తేదీ కోసం ద్రహోమీరా గొడవ.
ఆమె రాత కాగితం చిరిగేంత గట్టిది.

ఆ సాయంత్రం బ్లీచ్ నీళ్లతో బల్ల రెండుసార్లు తుడిచాం.
బల్ల వదిలింది. ఆమె ఉన్నికోటు వదల్లేదు,
ఇంగువ కట్టిన గుడ్డలా.
ట్రామ్‌లో ఒక ముసలాయన కుక్కని ఎత్తుకుని ముందుకి జరిగాడు.
ఇద్దరు పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు.
కిటికీ దగ్గర ఆమె, ఒళ్లో సంచి, సంచిలో అప్పుడే కొన్న రొట్టె.
ముప్ఫయ్యొక్కేళ్లుగా ఇంతే, అంది
ఎవరితోనో.

చుట్టూ సీట్లన్నీ ఖాళీ.
నేను వెళ్లి పక్కనే కూర్చున్నాను.
ఆమె కొంచెం సర్దుకుని
రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది.
వేడిగా ఉందని మాత్రం తెలిసింది.