నూటనాలుగు

తలుపుకి పన్నెండు వందలు, రంగు మీదే, అన్నాడు బాబావలి.
కొంగు బిగించి అంగడికి నేనే పోయినాను.
రెండు లీటర్ల ఎనామిల్, సీసాడు టర్పెంటైన్,
ఉప్పుకాగితం ఆరు ముక్కలు,
రెండంగుళాల కుంచె ఒకటి, ముక్కాలంగుళం ఒకటి.
"పూసేదెవరు?" అన్నాడు అంగడాయన.
చిల్లర ఇమ్మన్నాను.

మా ఇంటి తలుపులు మా ఇంటికని పుట్టినవి కావు.
అనంతపురంలో గడియారస్తంభం దిక్కు రోడ్డు వెడల్పు చేసినప్పుడు
ముందు సగం పోయిన ఒక లాడ్జిలోంచి
వన్నూరప్ప బేరమాడి ట్రాలీ ఆటోలో నిలబెట్టుకొచ్చినాడు.
నాలుగూ ఒకే అచ్చు.
పైన రెండు గడులు, కింద రెండు, చుట్టూ వంపు తిరిగిన గాడి,
టేకు చారలు ఒత్తిన తొక్క.
తట్టితే తెలుస్తుంది, లోపలుండేది అట్ట.
కట్టె కాదు, కట్టె కట్టిన వేషం.
పదహారేండ్లుగా ఆ వేషం మీదే
మా తువ్వాళ్లు వేలాడినాయి, మా అలకలూ.

నంబరు రేకులు పీకేసినాడు గానీ
రేకుల కిందిరంగు మాత్రం వెలిసిపోలేదు.
మా పడకగది నూటనాలుగు.
మేడ లేని ఇంట్లో అత్త గది రెండువందల ఏడు.
బళ్లో ఇంటి నంబరు అడిగితే
ప్రణతి నాలుగు చెప్పొచ్చింది.

"కాఫీరంగే ఉండనీ, మాసినా తెలీదు," అన్నాడు.
మాసింది తెలియాల, అన్నాను.
మీగడరంగు డబ్బా మూత చెంచాతో లేపినాను.

మడతబందుల మరలు తిరగలేదు.
వాటి తలల గాట్లలో ఎన్ని కోట్ల రంగో.
నిలబెట్టే రుద్దినాను.
గడులు సులువు. గాడే మొండిది.
ఉప్పుకాగితం మడిచి, మళ్లీ మడిచి, చివరికి గోటితో.
ఊదుబత్తి జిడ్డు రాలింది. ఎవరి కుంచెదో ఒక వెంట్రుక రాలింది.
గొళ్లెం కింద పిన్నుతో గీకిన అక్షరాలు తేలినాయి:
పెన్నులు రెండు. వాచీ. భయపడొద్దు.
పరీక్ష రాయడానికి ఏ ఊరినుంచి వచ్చి పడుకుందో ఆ పిల్ల.
పిల్లే అని నాకెందుకు అనిపించిందో.
లప్పం తీసిన వేలు ఆడ ఆగింది.
కింది గడికి పోయినాను.

ముందు గాళ్లు, తర్వాత గడులు, ఆఖరికి చుట్టూ చట్రం.
ఎవరూ చెప్పలేదు, రెండుసార్లు కారిపోయినాక తెలిసింది.
ఆషాఢం గాలి. కిటికీలు మూసినా
ఎర్రదుమ్ము యాడినుంచో వచ్చి తడిరంగు మీద వాలుతాది,
పిలవని చుట్టంలా కుదురుకుంటాది.

హాలు వైపు పొద్దున అయిపోయింది.
మధ్యాహ్నం లోపలుండి తలుపు దగ్గరికేసి
ఈ వైపు రుద్దుతుంటే
కంటి ఎత్తులో లప్పం ముద్ద ఊడి కాలి మీద పడింది.
అద్దపు కన్ను.
తలుపు బిగించిన కొత్తలో
"మేమేమన్నా దొంగలమా, సందులోంచి చూడ్డానికి?" అని
అత్త రెండు పూటలు అన్నం మానేస్తే
ఆయనే పూడ్చిన కన్ను.

పిన్నుతో తవ్వి, కొంగుతో తుడిచి, చూసినాను.
హాలంతా గుండ్రంగా వంగి
గిన్నెలో నీళ్లలా ఉంది.
దాని నడుమ మా ఆయన,
బొటనవేలంత, తలనుంచి చెప్పుల దాకా మొత్తం.
చేతిలో రెండు టీ గ్లాసులు.
ఇంత దూరంగా ఈయన్ని చూసి ఎన్నాళ్లయిందో.
ఒక గ్లాసు టీవీ మీద పెట్టినాడు.
తలుపుని పైనుంచి కిందికి చూసినాడు,
నూటనాలుగు ఉండే చోట తల వంచి వెతికినాడు.
చూపుడువేలు చాపినాడు.

వద్దు, అని నోటిదాకా వచ్చింది.

తాకినాడు. అంటుకుంది.
అటూ ఇటూ చూసి
వేలు ప్యాంటు వెనక తుడుచుకున్నాడు.
గ్లాసు తీసుకుని, గొంతు సవరించుకుని,
అప్పుడే వచ్చినోని మాదిరి
"టీ!" అని కేకేసినాడు.

"ఆరిందా చూడు, ఆ పక్క," అన్నాను.
"నాకేం తెలుసు," అన్నాడు.