చల్లగా ఉండేదిరా

మా అజ్జరంలో పొగకి ముఖం ఉంటుంది.
కొలిమి వెలిగిన పూట
తెల్లగా లేచి, కొబ్బరి మట్టల్లో చిక్కుకుని
ఎవరింట్లో గంటలు పోస్తున్నారో చెప్పేస్తుంది.
తిట్టుకుంటాం, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటాం,
సాయంత్రం ఓ బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాం.

సోమాచారి అన్నయ్య వెళ్ళిన చోట
పొగే లేదట.

ఇత్తడి బేరం పడిపోయిన ఏడు
నరసాపురం ఏజెంటుకి డబ్బు కట్టి
రాగి పని అన్నారు కదా అని విమానం ఎక్కాడు.
రాగి పనే.
మూడువేల ఏళ్ళ కిందట ఎవరో తవ్వి వదిలేసిన గని,
అందులోకి చదువుకున్నవాళ్ళు దిగితే
ముందు నడిచి దీపం పట్టడం.

ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్ళు.
రాయి కావాలంటే లారీ మీద రావాలి.
గుహ అన్న మాట మాకు హరికథలోదే.
అలాంటి ఊరివాడు
ఎడారి కొండ కడుపులోకి మోకాళ్ళ మీద పాకాడు.
గోడ మీద ఉలి గాట్లు తడిమి చూసి
"ఎడమచేతివాడురా వీడు, నాలాగే"
అని ఆ రాత్రి ఫోన్లో ఒకటే సంబరం.

బయట రాళ్ళు పెనంలా కాలుతుంటే
అన్నం డబ్బా లోపలే విప్పేవాడు.
తిన్నాక అక్కడే ఒరిగేవాడు,
లంకలో అరటితోట నీడన ఒరిగినట్టు.

నల్ల డబ్బీలు ఇచ్చేవారట, అగ్గిపెట్టెంత.
ఒక్కోదాన్లో గోరంత ప్లాస్టిక్ రేకు.
మలుపుకొకటి పెట్టి రావాలి,
తొంభై రోజులకి ఏరుకు రావాలి.
మూత మీద మొదట్లో తెలుగంకెలు వేశాడు,
నాన్న తూకాల పుస్తకంలో వేసినట్టు.
చెరిపించి మళ్ళీ వేయించారు.
వాళ్ళు పావుగంట కాగానే గడియారం చూసుకునేవారు.
అన్నయ్యకీ గడియారం ఉంది.
ఎందుకు చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

రాడాన్ అంటారని ఆలస్యంగా తెలిసింది.
రంగు లేదు, వాసన లేదు.
రాతిలో యురేనియం అరిగి అరిగి విడిచే ఊపిరి.
గాలి ఆడే చోట చెదిరిపోతుంది,
మూసుకున్న చోట నిలవ ఉంటుంది.
నాలుగు రోజులకి సగం చస్తుందట,
చస్తూ కన్న పిల్లలే అసలు పాపిష్టివి,
దుమ్మురేణువు భుజమెక్కి
రొమ్ములోకి దిగి కాపురం పెడతాయి.
ఒక్కోటి విచ్చినప్పుడు
ప్లాస్టిక్ రేకు మీద కంటికానని చుక్కంత గాటు.
ఎక్కడో గదిలో కూర్చుని
ఆ గాట్లు లెక్కపెట్టి గని ఎంత చెడ్డదో రాసుకున్నారు.
డబ్బీల మీద అంకెలు మాత్రం అన్నయ్య చేతివే.

రాజమండ్రిలో డాక్టరుగారు
ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని
బీడీలు కాల్చేవాడా అన్నారు. కాల్చేవాడు.
కొలిమి పనా? పద్నాలుగో ఏటినుంచీ.
గనిలో ఎన్నాళ్ళు? ఐదు వేసవులు.
బీడీకి ఆ గాలి తోడైతే
ఒకదాన్నొకటి ఎగదోస్తాయన్నారు.
ఎవరి వాటా ఎంతో చెప్పలేనమ్మా అని
పెన్ను మూత పెట్టేశారు.
కంపెనీకి పంపే కాగితంలో
ఏజెంటు ఒక్క బీడీనే రాశాడు.

జేబులో పొరపాటున ఒక డబ్బీ వచ్చేసింది.
కనకరత్నం వదిన అందులో పిన్నీసులు వేసుకుంటుంది.
రేకుని పారేసిందో దాచిందో నేనడగలేదు.
కార్తీకంలో మంచు గుమ్మందాకా వచ్చినా
ఇంట్లో ఒక్క తలుపూ వెయ్యనివ్వదు.
"ఇక్కడేముందే, అంతా ఒండ్రుమట్టే"
అని నవ్వబోయి దగ్గుతాడు.
కప్పిన దుప్పట్లోంచి కాసేపటికి
"చల్లగా ఉండేదిరా లోపల" అంటాడు,
తప్పు చేసినవాడిలా.

నిన్న పెద్ద గంటకి మూస కట్టాను.
గాలి పోవడానికి దారి వదలాలి,
లేకపోతే ఎంత మంచి లోహమైనా
లోపల బుడగలై బోలుపోతుంది.
పదేళ్ళ వయసులో, నా వేలు పట్టుకుని
మట్టిలో ఆ కంత పొడిపించింది
అన్నయ్యే.
ఎడమచేత్తో.