వాన దగ్గర ఆగిన ముల్లు

పెట్టె తిరిగొచ్చింది.
నా టేపు మీద ఇంకో టేపు,
నా చేతిరాత మీద ఇంకొకరి చేతిరాత.
అల్మెరియా నుంచి సాంటియాగోకి,
స్పెయిన్‌కి ఆ మూల నుంచి ఈ మూలకి
మూడు కిలోల ఇత్తడి, అద్దం, అసంతృప్తి.

పదహారేళ్లుగా పాత వస్తువులు అమ్ముతున్నాను,
వాపసు నాకు కొత్త కాదు.
విప్పేముందు ఒక ఫోటో, విప్పుతూ ఒక ఫోటో,
అడుగున పెన్సిలుతో నేను పెట్టిన చుక్క ఉందా అని చూడటం.
ఒకసారి లేదు.
నా పాలజగ్గు ఉంచుకుని
తమ బీటలువారిన జగ్గు పంపారెవరో.
కవల పిల్లల్లా ఉన్నాయి రెండూ,
పుట్టుమచ్చ ఒక్కటే తేడా.

బిల్బావో ఆవిడ టోపీ తిప్పి పంపింది,
తలకి పట్టలేదట.
అంచు మడతలో రెండు బియ్యపు గింజలు దొరికాయి.
ఎవరి పెళ్లో, బాగానే జరిగినట్టుంది.
డబ్బులిచ్చేసి గింజలు పిచ్చుకలకి వేశాను.
'పాతవాసన వస్తోంది' అని ఇంకొకాయన.
అరవై ఏళ్ల కోటుకి మరేం వాసన రావాలి?
నాలుక చివరి మాట మింగేసి
'క్షమించండి' అని టైపు చేశాను.
ఈ వ్యాపారంలో సగం మింగడమే.

ఇది మాత్రం వేరు.
గాలి బరువు తూచి రేపటి సంగతి చెప్పే బారోమీటరు.
ఓక్ చెక్క మధ్య గుండ్రటి ముఖం,
తుఫాను, వాన, మార్పు, పొడి,
నాలుగు మాటలు, ఒక్క ముల్లు.
వీగో రేవులో పడవ సామాను వేలంలో కొన్నాను.
అమ్మేముందు ఇరవై రోజులు గోడకి తగిలించి చూశాను.
రోజూ వాన అంది.
రోజూ వాన కురిసింది.
'చక్కగా పనిచేస్తోంది' అని రాశాను
ఒట్టేసి చెప్పగలిగినంత ధీమాగా.

కొన్నాయన పేరు హినేస్. పెట్టెలో ఆయన చీటీ:

'సబేలా గారూ, ముల్లు వాన దగ్గర నుంచి కదలడం లేదు.
మా దగ్గర చినుకు పడ్డ రోజులు వేళ్ల మీద లెక్క.
తిట్టడానికి రాయడం లేదు.
మా అత్తగారికి తొంభై ఒకటి.
రోజూ సాయంత్రం మేడ మీదకి బకెట్లు మోసి వరసగా పెడుతోంది,
పొద్దున్నే ఖాళీవి దించుకొస్తోంది.
యంత్రం సరిగానే ఉంది, ఆకాశానిదే ఆలస్యం అంటుంది.
ఆవిడ మోకాళ్ల కోసం వెనక్కి పంపుతున్నాను.'

గడువు దాటి రెండు రోజులైంది.
కాదనొచ్చు.
వేలితో అద్దం మీద తట్టాను.
ముల్లు కొంచెం వణికి
మళ్లీ వాన దగ్గరే నిలబడింది.
బయట, మామూలే, వాన.

ఇరవై రోజులు నేను పరీక్షించింది యంత్రాన్ని కాదు,
మా ఊరిని.
చెడిపోయిన ముల్లుకి అచ్చంగా సరిపోయే ఊళ్లో కూర్చుని
దానికి యోగ్యతా పత్రం రాసిచ్చాను.
ఇంకా ఇలాంటివి ఎన్ని రాశానో,
మనుషుల గురించి కూడా.

రెండు వైపుల పోస్టు ఖర్చుతో సహా తిరిగి ఇచ్చేశాను.
కొత్త వివరణ మూడుసార్లు రాసి చెరిపేశాను.
'ముల్లు కదలదు.'
'ముల్లు కదలదు, కానీ.'
ఆ 'కానీ' తర్వాత కాఫీ చల్లారిపోయింది.

నాలుగో రోజు హినేస్ నుంచి మెసేజి:
'ఆవిడ ఖాళీ మేకు ముందు నిలబడుతోంది.
బకెట్లు మెట్ల కింద బోర్లించేసింది.
తిండి తగ్గింది.
అది ఇంకా ఉందా మీ దగ్గర?'

ఉంది.
పాత టేపు మీద మళ్లీ కొత్త టేపు.
తూకంలో అవే మూడు కిలోలు.
రసీదులో 'లోపాలు' అన్న గడి దగ్గర
పెన్ను ఆగిపోయింది,
కిటికీలోంచి చూస్తున్నాను.

పడుతోంది.