ఐదువేల మిల్లీసెకన్లు

కాన్వెంట్ జంక్షన్ దాటాక, పోర్టు గేటు లోపల
కాటా గది.
రాత్రి రెండున్నరకి నన్ను పిలిపించారు.
బయట ముప్పైనాలుగు లారీలు
ఒకదాని తోకని ఇంకొకటి వాసన చూస్తున్నట్టు.
కిటికీ అద్దం మీద బొగ్గు దుమ్ము,
దుమ్ములో ఎవరో వేలితో రాసుకున్న ఫోన్ నంబరు.

కాటా తూస్తోంది. అంకె తెర మీదకు వస్తోంది.
చీటీ మాత్రం రాదు.
'ప్రింటర్ స్పందించడం లేదు' అని ఒక పెట్టె లేస్తుంది,
నూకరత్నం దాన్ని మూస్తుంది,
మళ్లీ నొక్కుతుంది, మళ్లీ లేస్తుంది.
"సాయంత్రం కాణ్ణించీ ఇదే బాగోతం."

ముందు కేబుల్ మీద అనుమానపడ్డాను.
ఈ ఊళ్లో ఏం పాడైనా మొదటి ముద్దాయి ఉప్పుగాలే.
పిన్నుల్ని స్పిరిట్‌తో తుడిస్తే
దూదికి పచ్చగా చిలుము అంటింది,
దొరికిందని సంతోషించాను కూడా.
పెట్టె లేచింది.

వరుసలో ఇరుక్కున్న పనులన్నీ చెరిపాను.
స్పూలర్ని పడుకోబెట్టి లేపాను.
డ్రైవర్ని దించి మళ్లీ ఎక్కించాను.
పెట్టె లేచింది.

కిటికీ బయట దాలినాయుడు,
ముందున్న లారీ ఆయనది.
"అది... ఆ త... త..."
తలనొప్పే, అవును, అన్నాను.
కాదన్నట్టు చెయ్యూపాడు.
"త... తరవా..."
తరవాత చూద్దాం లెండి, అన్నాను
కీబోర్డు మీంచి కళ్లెత్తకుండా.

మూడు దాటాక లాగ్ ఫైలు తెరిచాను.
అందులో మర్యాదలుండవు.
పంపాను.
చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.
ఐదువేల మిల్లీసెకన్లు. వదిలేశాను.
దాని కిందే, ఏడో సెకను దగ్గర
ఒక బుల్లి వరుస:
'సిద్ధం' అంటూ వచ్చిన ఒకే ఒక్క బైటు,
అందుకునేవాళ్లు లేక పారేసింది.

నా వేలు అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం ఎవరో అప్‌డేట్ నొక్కారు.
పాత డ్రైవర్ నలభై ఐదు సెకన్లు కాచుకునేది.
కొత్తది కుర్రది, ఐదు.
ఈ ప్రింటరేమో పదమూడేళ్ల డాట్ మ్యాట్రిక్స్,
తలని ఎడమ చివరికి ఈడ్చుకెళ్లి
ఓసారి కిర్రుమన్నాకగాని
నోరు విప్పదు.

లేచి కిటికీ దగ్గరకెళ్లాను.
ఇందాక ఏం చెప్పబోయారు?
ఈసారి మాట అందించలేదు.
దూరంగా కన్వేయర్ ఆగింది, మళ్లీ కదిలింది.
డాల్ఫిన్స్ నోస్ మీది దీపం ఒక చుట్టు తిరిగింది,
ఇంకో చుట్టు.
"పెట్టె లేసిన... తరవాత...
దాని త... తలకాయ కదుల్తాది.
ఎనిమిదింటి కాణ్ణించి సూస్తన్నాను."

నూకరత్నం తల తిప్పకుండానే అంది,
"ఆయన సెప్పీదాకా ఆగాల. ఈ గదిలో అందరికీ తెల్సు."

ఐదు చెరిపి ఇరవై రాశాను,
వెనక మూడు సున్నాలూ అలాగే ఉంచి.
ఆవిడ నొక్కింది.
ఎవరం మాట్లాడలేదు.
ఐదు.
ఆరు.
ఏడులో తల ఈడ్చుకుంది, కిర్రుమంది,
ఆ తర్వాత గదంతా కుట్టుమిషను మోత.
నిండు బరువు, ఖాళీ బరువు, సరుకు బరువు,
సమయం మూడు నలభై రెండు.
ఏదో సూది విరిగినట్టుంది,
ప్రతి అక్షరానికీ నడుం మీద తెల్ల గీత.
చూద్దామని మూత మీద చెయ్యేశాను.
"దాని జోలికెళ్లకు, మూడేళ్ల నుంచీ అంతే," అంది నూకరత్నం.

దాలినాయుడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.
పోబోతూ ఆగి, నా వైపు చూసి
"టీ..." అన్నాడు.
తాగుతాను అనబోయి పెదవి కొరుక్కున్నాను.
టీ ఏమో, టీపీ కాగితమేమో,
టీవీలో చెప్పిన వానేమో.
నిలబడ్డాను.
వెనక ముప్పైమూడు లారీలు హారన్ కొడుతున్నాయి.