లోపలి గుండీ

ఆరుసార్లు పొడిచింది.
నరం దొరకక నర్సు పిల్లనే ఏడ్చింది.
నేనే ఊకుంచిన:
"నాకు గూడ సూదిల దారం
ఒక్కపాలి ఎక్కది బిడ్డా."

గప్పుడు పెట్టిన్రు దీన్ని,
మెడబొక్క కింద, తోలు లోపల,
రూపాయి బిళ్లంత.
డాక్టరు పోర్టు అన్నడు.
నేను గుండీ అంటున్న,
కాజా లేని గుండీ.
నెలకోసారి కడగాలెనంట.

ఇప్పుడు మందు ఎక్కుతున్నా
రెండు చేతులు నావే.
దేవరకొండ బస్సుల
మల్లేపల్లి దాంక బత్తాయి ఒలుస్త.
తినబుద్ధి కాదు,
వాసనకే.

ఒక్కటే తిప్పలు,
జాకెట్ అంచు దానికి ఒరుసుకుంటది.
రాత్రి నిద్ర రాక మిషిని ముందల కూసున్న.
ఊరందరి ఒళ్లు తెలిసిన టేపు
నన్ను కొలిచి ఎన్నేండ్లాయెనో.
ఛాతీ మూడంగులాలు తగ్గింది.
ఇంకోసారి కొలిచిన. అంతే.
కుడి భుజం కాడ అంచు జరిపి
లోపల పాత ధోతిగుడ్డ ఏసి కుట్టిన.

మొన్న వార్డుల
పక్కమంచం సక్రి, అచ్చంపేట తండా ఆమె,
నా జాకెట్ అంచు ఏళ్లతోటి పట్టి చూసి
"కుట్టుకూలి ఎంత?" అన్నది.

పైన సీసల చుక్కలు పడుతనే ఉన్నయి.
సంచిలకెల్లి టేపు తీసిన.
ఆమె గుండీ కాడ
అరంగులం ఎక్కువనే
ఇడిసిపెట్టి రాసుకున్న.